నాకొచ్చిన బెంగాలీ

ఒకే ఒక్క మాటతో పరాయి దేశంలో లేని రోగాన్ని పుట్టించిన కాంపౌండరు ఎవరైనా మీకు తెలుసా? తెలియకపోతే నన్ను చూసుకోండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. విశాఖపట్నంలో ఒక సర్కారు ఆసుపత్రిలో పని. స్టీలుప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. ఊళ్లోకి కొత్త మనుషులు, రేవులోకి కొత్త ఓడలు వస్తుంటే, నేను మందుల గది కిటికీ వెనక నిలబడి సీసాల్లో ఎర్రమందు పోసుకుంటూ ఉండేవాణ్ణి. కాలు ఒకచోట నిలిచేది కాదు. రేవులో ఓడ కూసిందంటే చాలు, అరికాళ్లు దురద పెట్టేవి.

ఆ ఏడు తుపాను మనల్ని వదిలేసి బంగ్లాదేశ్ మీద పడింది. అక్కడి జనానికి వైద్యం చెయ్యడానికి ప్రభుత్వం మన రేవు నుంచే డాక్టర్లనీ మందులనీ పంపుతోందన్నారు. ఆ బృందానికి మా శకుంతల డాక్టరుగారు పెద్ద. ఆవిడ మమ్మల్నందరినీ వరండాలో నిలబెట్టి, కాంపౌండరు ఒక్కడే కావాలి, బెంగాలీ వచ్చినవాడైతే మేలు, ఎవరికైనా వచ్చా అని అడిగారు.

నా చెయ్యి లేచింది. నేను లేపలేదండీ, అదే లేచింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుక్కి బెంగాలీ వచ్చన్నమాట.

సాయంత్రం జాలరిపేటకి పరిగెత్తాను. అక్కడ నా స్నేహితుడు అప్పన్న ఉన్నాడు, రేవులో కళాసీ.

"ఏటి బావా, నీకు బెంగాలీ వొచ్చా?" అన్నాడు నా కథ విని.

"రాదు. అందుకే నాను నీ దగ్గరకొచ్చీసేను. ఎల్లుండి ఓడెక్కాల."

"నీకెందుకు బావా బయ్యం. మా సరంగుది ఆ దేశమే. నేర్పించేత్తాడు."

ఓడ కూలీల మేస్త్రీ అయిన ఆ సరంగు టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఉన్నాడు. నాకు భాష మొత్తం కావాలన్నాను. ఈ టీ అయ్యేలోపు ఒక్క మాట అవుతుంది, ఏది కావాలో చెప్పమన్నాడు. ఆలోచించి, 'నొప్పి ఎక్కడ?' అన్నది అడిగాను. 'కొథాయ్ బేథా' అన్నాడు. అరచేతిలో పెన్నుతో రాసుకుని, దాన్ని పసిపిల్లలా గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఓడ బయల్దేరిన మొదటి గంట నేను మహారాజుని. రెండో గంట నుంచి నేనూ, ఒక బకెట్టూ. కడుపులో మెతుకు నిలవలేదు. పడుకోలేను, కూర్చోలేను, నిలబడితే ఓడ నిలబడదు. కళ్లు మూసుకుంటే వేడి అన్నం కనిపించేది. మూడో రోజుకి చేతులు కడిగి కడిగి అరచేతిలో సిరా పోయింది. ఫరవాలేదు, బుర్రలో ఉందిగా అనుకున్నాను. బుర్రలో ఉన్నదేమిటంటే 'కొథాయ్ భాత్'.

బురదలో మునిగిన ఒక బడి ముందు డేరా వేశాం. గుడారం గుమ్మంలో నేను. వచ్చినవాళ్లని నొప్పి ఎక్కడో అడిగి, చీటీ రాసి లోపలికి పంపాలి. మొదట ఒక ముసలాయన వచ్చాడు. నాడి పట్టుకుని గంభీరంగా, "కొథాయ్ భాత్?" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, తన పొట్ట తట్టి, ఖాళీ చేతులు తిప్పాడు. 'కడుపు నొప్పి' అని రాశాను. తర్వాతావిడ కూలిన ఇల్లు చూపించి పొట్ట తట్టుకుంది. కడుపు నొప్పి. నేను అడిగే కొద్దీ నా గొంతులో జాలి పెరిగింది. ఒక అవ్వ కళ్లొత్తుకుని నా తల కూడా నిమిరింది. ఎంత మంచి కాంపౌండర్ననుకున్నాను.

మధ్యాహ్నానికి డాక్టరుగారు చీటీల కట్టతో బయటికొచ్చారు. ఊరంతటికీ కడుపు నొప్పేనా, విరేచనాలున్నాయో లేదో అడిగావా అన్నారు. అడగడానికి నాకు మాటేది? ఉన్నట్టే ఉన్నాయండీ అనేశాను.

ఆవిడ మొహం మారిపోయింది. కలరా అన్నారు. అంతే, సెలైను పెట్టెలు పగలగొట్టారు. వేరే గుడారం వేశారు. ఉన్న సెలైనంతా పంపమని ఓడకి వైర్‌లెస్ వెళ్లింది. నేను నీళ్లు మరిగించే గాడిపొయ్యికీ గుడారానికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నిజం చెబుదామని రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ దూది పట్టుకుని వెనక్కొచ్చాను.

అప్పుడు ఆడవాళ్లు ఒక పెద్ద కుండ మోసుకుంటూ వచ్చారు. పక్కన ఆ బడి పంతులుగారు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. డాక్టరుగారికి వినయంగా చెప్పారు: "మీ అబ్బాయి పొద్దుటినుంచీ కనబడ్డవాళ్లనల్లా అన్నం ఎక్కడ, అన్నం ఎక్కడ అని అడుగుతున్నాడమ్మా. మా దగ్గరా లేదని చెప్పినా ఊరుకోవడం లేదు. పాపం, చూడలేక తలా గుప్పెడు బియ్యం వేసి వండారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు జారినా ఊరు మంచిదేనని నాకు ఆ పూట తెలిసింది.

డాక్టరుగారు నావైపు తిరిగారు.

"నీకు బెంగాలీ ఎంత వచ్చు?"

"ఒక్క ముక్కండి."

"అది కూడా రాదు."

తిట్టలేదు. కూర్చుని తినమన్నారు, ఒక్క మెతుకు వదిలినా ఓడెక్కించనన్నారు. సర్వం పోగొట్టుకున్న మనుషులు చుట్టూ నిలబడి నేను తినడం చూస్తున్నారు. మొదటి ముద్దకే కంట్లో నీళ్లొచ్చాయి. అది ఆకలేననుకుని అవ్వ ఇంకా పెట్టింది. తిన్నాను. మళ్లీ పెట్టింది. వద్దంటూ చెయ్యి అడ్డం పెడితే, మొహమాటపడుతున్నాననుకుని ఆ చేతి పక్కనుంచి వడ్డించింది.

సాయంత్రానికి ఆ శిబిరంలో అసలు సిసలైన కడుపు నొప్పి ఒక్కటే ఉంది. దాని చీటీ డాక్టరుగారే స్వయంగా రాశారు.

తెప్పించిన సెలైను తర్వాతి వారం ఊళ్లో విరేచనాలు మొదలైనప్పుడు నిజంగానే పనికొచ్చింది. నా ముందుచూపు వల్లేనని అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాను.

తూర్పు సముద్రం సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఏ దేశం వెళ్లినా, ఎంత తొందరలో వెళ్లినా, ఆ భాషలో 'చాలమ్మా' అనడం నేర్చుకోకుండా ఓడ దిగను.