పక్కవాడి చీలమండ

బెణికిన కాలికి చుట్టే టేపును చుట్ట నుంచి లాగినప్పుడు వచ్చే ఆ చర్రుమనే చప్పుడు వింటే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. ఇమ్మానుయేలు మాస్టారు గుర్తొస్తారు. మల్కాపురంలో మా బడి డ్రిల్లు మాస్టారు ఆయన. నా చేతికి టెన్నిస్ రాకెట్ ఇచ్చిందీ, ప్రొఫెషనల్ టోర్నీల కోసం నా వెంట రైళ్లలో తిరిగిందీ ఆయనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్న నాకు ఒకే ఒక్క సీజన్ గడువిచ్చారు. అది దాటితే రాకెట్ అటక మీదికి, నేను ఉక్కు ఫ్యాక్టరీలోకి. క్వాలిఫైయింగ్ అనే అర్హత పోటీలు గట్టెక్కి, మెయిన్ డ్రా అనే అసలు పోటీలో ఒక్క మ్యాచ్ గెలిస్తే ప్రపంచ ర్యాంకింగ్‌లో ఒక పాయింటు వస్తుంది. దాని కోసం ఊరూరా తిరిగి ఓడిపోతూ, బెంగతో అన్నం సయించక, పుల్లలా తయారయ్యాను. "ఏటిరా, మ్యాచి రేపు కదా, ఇయాలే ఓడిపోతన్నావేటి?" అని మాస్టారు దెప్పేవారు.

చివరి టోర్నీ విశాఖలోనే. క్వాలిఫైయింగ్ ఆఖరి రౌండులో ఓడిపోయాను. అయితే ఓడినవాళ్లలో ముందున్నది నేనే కనుక, మెయిన్ డ్రాలోంచి ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు నాదే. బూట్ల లేసులు బిగించుకుని కూర్చున్నాను. అంతలో మెయిన్ డ్రాలో ఉన్న పుణె ఆటగాడికి ప్రాక్టీసు చేస్తుండగా చీలమండ మడతపడింది. పాపం, ఒంటరిగా వచ్చాడు. బెంచీ మీద కూలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. దాచడమెందుకు, నాకు లోపల పండగే.

మాస్టారు సంచిలోంచి టేపు తీసి తిన్నగా అతని దగ్గరికి వెళ్లారు. నేను పరుగెత్తి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"మాస్టారూ, అతను ఆడితే నా చోటు పోతుంది!"

"తెల్సురా," అన్నారు తలెత్తకుండానే. "ఈడి కాలు వాసిపోతంది. ఆ కత్తెర ఇలాగియ్యి."

ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు.

అతను కుంటుతూనే ఆడి చిత్తుగా ఓడిపోయాడు. నా సీజన్ కూడా అక్కడితో సరి. మద్దిలపాలెం దాకా బస్సులో నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. దిగేముందు మాస్టారే అన్నారు: "నిన్న రాత్రంతా నీ కోసం ప్రార్దన సేసినాన్రా. ఆడి కాలు మడతపడాలని మాత్రం అడగలేదు."

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా నా కోపం తగ్గలేదు. ఆయన పోయి ఏళ్లయినా పూర్తిగా చల్లారిందని చెప్పలేను.

ఫ్యాక్టరీ డ్యూటీ దిగాక సీతమ్మధారలో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. మొన్న ఒక పోటీలో నా శిష్యురాలు వెనకబడి ఉంది. అంతలో అవతలి పిల్ల తన కాలు పట్టుకుని కూలబడింది. వాళ్ల దగ్గర టేపు లేదు. నా శిష్యురాలు నన్నే చూస్తోంది. నా సంచిలోంచి టేపు తీశాను.

"ఆ కత్తెర ఇలా ఇవ్వమ్మా," అన్నాను.