మూడు షాపుల కార్డులు, ఒక స్కూటీ

ఆ రోజుల్లో షాపులో ఎవరైనా నన్ను "మేడమ్" అంటే చాలు, కాదనడం నా వల్ల అయ్యేది కాదు. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. క్రిస్మస్ బట్టలకని వెళితే కౌంటర్‌లోని అమ్మాయి, "మేడమ్, మా షాపు క్రెడిట్ కార్డు తీసుకుంటే బిల్లు మీద పది శాతం తగ్గుతది" అంది. తీసుకున్నాను. నెల తిరగకముందే చెప్పుల షాపులో ఒకటి, అమ్మకు మిక్సీ కొన్నచోట ఇంకొకటి. బిల్లులన్నీ గడువులోపే కట్టేశాను కాబట్టి (ఇది మాత్రం ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను) నా అంత పద్ధతి గల మనిషి మేముండే ఎనుమాములలోనే లేదనుకున్నాను.

తర్వాత మిర్చి సీజన్ వచ్చింది. మా ఇంటి ముందు రోడ్డంతా మార్కెట్‌కు వచ్చే లారీలే. ఆటో కదలదు, నాకు రోజూ ఆలస్యమే. "ఇంకోసారి లేటైతే వేరేటోళ్లను చూసుకుంట" అనేసింది ల్యాబ్ ఇన్‌ఛార్జి. లారీల సందుల్లోంచి దూరిపోవడానికి స్కూటీ కావాలి, స్కూటీకి లోను కావాలి. బ్యాంకులో ఆఫీసర్ మేడమ్ కంప్యూటర్ చూసి, "నెలరోజుల్ల మూడు కార్డులకు అప్లై చేసినవా అమ్మా? అప్లై చేసినప్పుడల్లా, లోను ఇయ్యడానికి మేం చూసే నీ క్రెడిట్ స్కోరు జర తగ్గింది. కొన్ని నెలలు ఆగి రా" అంది.

ఆగే ఓపిక నాకెక్కడిది? నెట్ సెంటర్ నడిపే మా పెదనాన్న కొడుకు దగ్గరికి పరిగెత్తాను. "గింత దానికి ఫికర్ ఎందుకు చెల్లె? మూడూ బంద్ పెట్టు. స్కోరు రాకెట్ లెక్క లేస్తది" అన్నాడు. ఆ సాయంత్రమే ఫోన్లు చేసి, అవతలి వాళ్లు బతిమాలుతున్నా వినకుండా మూడు కార్డులూ మూసేయించాను.

నెల తర్వాత (రాకెట్ ఎందాకా పోయిందో చూద్దామని) మళ్లీ బ్యాంకుకు వెళ్లాను. స్కోరు ఇంకా పడింది. ఆఫీసర్ మేడమ్ తల పట్టుకుంది. "ఎవరు మూయమన్నరు నిన్ను? ఆ మూడింటి లిమిట్ పోయె. మిగిలింది నీ జీతం ఖాతాతోని వచ్చిన ఒక్క బ్యాంకు కార్డు. దాని లిమిటే చిన్నది, దాని మీద ఫోన్ ఒకటి కొంటివి. చేతిల ఉన్నదంతా ఊడ్చి వాడుతున్నట్టు కనపడతది గదా!"

"మరి మళ్ల మూడు తీసుకోవాల్నా మేడమ్?" అన్నాను. (నిజంగానే అన్నాను.)

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "కొత్తయి తీసుకోకు, ఉన్నది మూయకు. తక్కువ వాడుకుంట, టైముకు కట్టుకుంట ఊకె కూసో తల్లీ!"

ఊరికే కూర్చుంటే ఉద్యోగం నిలవదు కదా. మార్కెట్‌లో హమాలీ పని చేసే బాపు, పొద్దున ఒక విడత బస్తాలు మోసి వచ్చి, తన పాత బండి మీద నన్ను దింపడం మొదలుపెట్టాడు. ఆయన చొక్కా నిండా మిర్చి ఘాటు. దవాఖాన చేరేసరికి నాకు తుమ్ములే తుమ్ములు. "ముందు నువ్వు చూపించుకోరాదు బిడ్డా" అనేవారు పేషెంట్లు. ఇంట్లో నోరు విప్పని బాపు బండెక్కితే మాత్రం ఆగేవాడు కాదు. తన చిన్నప్పటి సంగతులు, అమ్మతో పెళ్లికి ముందు పడ్డ తంటాలు, అన్నీ ఆ దారిలోనే విన్నాను.

ఆరు నెలలకు స్కోరు కోలుకుంది, స్కూటీ వచ్చింది. మొదటి రోజు బాపు గేటు దగ్గర నిలబడి, "ఇగ నాకు పని తప్పింది" అన్నాడు. సంతోషంతోనే అన్నాడనుకుని నేను హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాను. ఆ తర్వాత మేమిద్దరం అంతగా మాట్లాడుకున్నది లేదు. ఆ హారన్ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది.