పని లేకపోయినా వెళ్లిన ఊరు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక కోరుట్లలో మా ఇంట్లో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. కంపెనీ మూతబడి అందరినీ ఒక్కసారే పంపించేశారు. పొద్దున్నే లేచి బస్టాండు దాకా వెళ్లేవాణ్ని. ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడి ఇంటికొచ్చేవాణ్ని. చాయ్ తాగి మళ్లీ వెళ్లేవాణ్ని.

"నీ కాళ్లకు చక్రాలున్నయా? జర కూసోరాదు" అనేది మా ఆవిడ. కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది.

గల్ఫ్‌లో మా లేబర్ క్యాంపులో ఏళ్ల తరబడి నా పక్క మంచం ఒకాయనది. ఎల్లారెడ్డిపేట దగ్గరి ఊరు. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. శుక్రవారం సెలవునాడు వంట ఆయనదే, ఉల్లిగడ్డలు కోయడం నా వంతు. ఊళ్లకొచ్చిన కొత్తలో రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. తర్వాత ఆయన ఎత్తడం మానేశాడు. కొన్నాళ్లకు ఫోనే బంద్ అయింది.

"ఏదో పనిల ఉన్నడేమో" అంది మా ఆవిడ.

పని లేదని నాకు తెలుసు. పని లేని మనిషి ఫోన్ ఎందుకు ఆపేస్తాడు? ఆ ఆలోచన నన్ను వదల్లేదు. ఒకరోజు బస్టాండులో ఊరికే నిలబడకుండా జగిత్యాల బస్సు ఎక్కేశాను. అక్కడి నుంచి సిరిసిల్ల, సిరిసిల్ల నుంచి ఇంకో బస్సు. దారి పొడుగునా కిటికీ అద్దం తెరవడం, మూయడం. వేములవాడలో దిగి వెనక్కి పోదామా అనిపించింది. పోయి ఏమనాలి?

అయినా దిగకుండా ఊరి దాకా పోయి, ఇల్లు అడిగి చేరుకున్నాను. ఇంటి ముందు ఆయన భార్య బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పగానే మొహం వెలిగింది. అంతలోనే తలుపు వైపు చూసి, "ఆయన ఇంట్ల లేడు తమ్మీ, సిరిసిల్లకు పోయిండు" అంది.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఏళ్లపాటు పక్కనే విన్న దగ్గు. ఆమె తల దించుకుంది. నీళ్లు తాగి, "మల్ల అస్త వదినా" అని లేచాను.

తిరుగు బస్సులో ఆయన మీద కోపమొచ్చింది. ఇక ఈ దారి తొక్కననుకున్నాను. వారం తిరిగేసరికి మళ్లీ చెప్పులేసుకున్నాను.

"లేడన్న ఇంటికి మల్ల పోతవా?" అంది మా ఆవిడ.

"ఉన్నడు కాబట్టే పోతున్న" అన్నాను.

ఈసారి వదిన అబద్ధం చెప్పలేదు. "లోపట్నే ఉన్నడు. బువ్వ సుత సక్కగ తింటలేడు. ఎప్పుడచ్చినవ్, మల్లెప్పుడు పోతవ్ అని ఊళ్లె అందరు అడుగుతరని బయటికే ఎల్లుతలేడు" అంది మెల్లగా.

ఏం చేయాలో నాకు తోచలేదు. ఊరికే కూర్చోనూ లేను. "వదినా, నేను కూర వండుత" అన్నాను. ఆమె వద్దు వద్దంటూనే చివరికి పొయ్యి చూపించింది. శుక్రవారాల్లో ఆయన చేసే కోడిగుడ్ల పులుసు మొదలుపెట్టాను. నాకు వంట రాదు. ఉల్లిగడ్డలు పచ్చిగా ఉండగానే చింతపండు రసం పోయబోయాను.

"ఆగు! గప్పుడే పోస్తవా? ఉల్లిగడ్డ ఏగిందా?"

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. వచ్చి నా చేతిలోని గరిటె లాక్కున్నాడు. "గిన్నేండ్లు నా పక్కకు నిలవడి ఏం నేర్సినవ్‌ర?"

"ఉల్లిగడ్డలు కోసుడు."

నవ్వలేదు. కానీ కూర దించేదాకా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వదిన బయటికి వెళ్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

తింటున్నప్పుడు అడిగాడు. "ఎందుకచ్చినవ్? నన్ను సూసి అయ్యో అనెటందుకా?"

"కాదన్నా. ఇంట్ల పానం నిలుస్తలేదు. నీ పక్కకు కూసుంటెనన్న నిలుస్తదేమో అని అచ్చిన."

ఆయన తన పళ్లెంలోని గుడ్డు తీసి నా పళ్లెంలో వేశాడు.

ఆ తర్వాత వారం వారం వెళ్లాను. కొన్నిసార్లు ఇద్దరికీ మాటలే దొరికేవి కావు. ఒకసారి ఏదో చిన్నదానికి గట్టిగా పోట్లాడుకున్నాం, అయినా వెళ్లాను. వానలు మొదలయ్యేసరికి ఆయన సిరిసిల్లలో ఒక హోటల్లో వంటకు కుదిరాడు. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే "గిరాకి ఉన్నది, మల్ల చేస్త" అని పెట్టేస్తాడు. చెప్పినట్టే చేస్తాడు.

నా అలజడి మాత్రం పోలేదు. ఆయన పనిలో చేరాక, వెళ్లే అవసరం లేని మొదటి వారం, ఇంట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి బయటపడ్డాను. మా వాడకట్టు చివర, ఈ మధ్యే మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఒక దర్జీ చాచా ఉన్నాడు. ఆయనతో సలాం తప్ప నాకు మాట లేదు. వెళ్లి తలుపు కొట్టాను.

"ఏం బేటా, బట్టలు కుట్టేదున్నదా?" అన్నాడు.

"లేదు చాచా, ఊకెనే అచ్చిన."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత స్టూలు మీద ఉన్న గుడ్డముక్కలు తీసి కింద పెట్టి, స్టూలును నా వైపు జరిపాడు.