క్యూ అడుగున ఇత్తడి బిళ్ళ

2022వ సంవత్సరం, దసరా వెళ్ళి పది రోజులయింది. జనగామ స్టేషన్ వెనక గల్లీలో నాది చిన్న ఖరాదు షెడ్డు. కట్టెను తిప్పుతూ గుండ్రంగా చెక్కే మిషన్‌ను మా వైపు ఖరాదు అంటారు. ఒకప్పుడు దాని మీద మంచం కోళ్ళు, చపాతీ కర్రలు చేసేవాణ్ణి. పదిహేనేళ్ళుగా స్నూకర్ క్యూలు, అంటే ఆ ఆటలో బంతిని కొట్టే కర్రలు, తప్ప ఇంకేమీ చేయడం లేదు. ఆ ఆదివారం పొద్దున టీ తాగుతుంటే ఫోన్లో ఒక వీడియో వచ్చింది. చూసి గ్లాసు నేలకేసి కొట్టాను. అది మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గ్లాసు. దానికి పడ్డ తిట్లు వేరే సంగతి.

వీడియోలో ఉన్నది మహబూబాబాద్‌లోని ఒక స్నూకర్ క్లబ్బు. టేబుల్ దగ్గర నిలబడ్డది సంధ్య. భూపాలపల్లి అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న గనిలో పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. కాలనీ క్లబ్బులో ఆయన వెంట తిరుగుతూనే ఆట నేర్చుకుంది. జిరాక్స్ షాపులో పనిచేస్తూ నెలకు రెండు ఆదివారాలు బస్సులు మారి మహబూబాబాద్ వచ్చి ప్రాక్టీస్ చేసేది. ఆ ఏడాది జులైలో ఆమెకు క్యూ చేసి ఇచ్చింది నేనే.

ఆ క్యూను ఆమె టేబుల్ మీద దొర్లించింది. తిన్నని క్యూ అయితే అంటుకున్నట్టుగా నున్నగా దొర్లాలి. ఇదేమో సన్న కొస దగ్గర లేస్తూ పడుతూ పోయింది. వెనక నుంచి క్లబ్బు ఓనరు గొంతు, "జనగామ కట్టె సూడుండ్రి, పాము లెక్క తిరుగుతాంది." చుట్టూ నవ్వులు. ఆ తర్వాత సంధ్య మాట: "స్టేట్ టీమ్ సెలెక్షన్ ముంగట పచ్చి కట్టె ఇచ్చిండు నాకు."

దొంగ అన్నా పడేవాణ్ణి. నా పనిలో పచ్చి కట్టె ఇచ్చాడనడం కంటే పెద్ద తిట్టు లేదు. ఎందుకో చెప్పాలి. క్యూలో రెండు ముక్కలుంటాయి. చేత్తో పట్టుకునే లావు భాగం బట్, బంతిని కొట్టే సన్న భాగం షాఫ్ట్. రెంటినీ కలిపే ఇత్తడి మర జాయింట్. షాఫ్ట్‌కు నేను వాడేది యాష్ అనే విదేశీ కట్టె. దాన్ని ఒక్కసారే చెక్కను. ఇంత చెక్కి నెల రోజులు పైకప్పుకు వేలాడదీస్తాను, కట్టె ఎటు తిరగాలనుకుంటుందో తిరగనిస్తాను. మళ్ళీ ఇంత చెక్కి మళ్ళీ వేలాడదీస్తాను. ఒక్క షాఫ్ట్‌కు ఎనిమిది నెలలు పడుతుంది.

అది అయ్యాక ఆడి చూస్తాను. మూతబడ్డ క్లబ్బు నుంచి కొన్న పాత టేబుల్ ఒకటి మా ఇంటి ముందుగదిని మొత్తం మింగేసింది, చుట్టాలొస్తే వాకిట్లో కూర్చుంటారు. దాని మీద తెల్ల బంతిని నడిమి చుక్కల మీదుగా కొడితే అవతలి గట్టుకు తగిలి తిన్నగా వచ్చి క్యూ కొసనే తాకాలి. యాభై సార్లు కొడతాను. ఒక్కసారి పక్కకొచ్చినా క్యూ ఇవ్వను. సంధ్య క్యూను ఆమె కళ్ళ ముందే యాభై సార్లు కొట్టాను.

అందుకే ఆ రోజు రైలెక్కాను. సీటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి మహబూబాబాద్ దాకా నాలో నేను తిట్టుకుంటూనే పోయాను.

క్లబ్బులో పది పన్నెండు మంది ఉన్నారు. నన్ను చూసి ఓనరు మళ్ళీ ఫోను పైకెత్తాడు. "తియ్యి, మంచిగ తియ్యి," అన్నాను. "ఎవని కట్టె పచ్చిదో అందరు సూస్తరు."

సంధ్య తలవంచుకోలేదు. "యాకూబన్నా, నువ్వే దొర్లిచ్చి సూడు. పన్నెండు రోజుల్ల సెలెక్షన్. నేనేం జెయ్యాలె ఇప్పుడు?"

క్యూ చేతిలోకి తీసుకున్నాను. వంకర నిజమే. షాఫ్ట్ మీద నూనె మెరుపు పోయి, నార పైకి లేచి గరుకుగా తగిలింది. నీళ్ళు తాగిన కట్టెకు ఉండే గరుకు అది, ఈ వేళ్ళకు బాగా తెలుసు. జాయింట్ మర విప్పాను. ఇత్తడి మర గీతల్లో పసుపు గట్టిగా ఎండి ఉంది.

"ఎవలు పోసిండ్రు దీని మీద నీళ్ళు?" అని ఒర్రాను. "ఎనిమిది నెలలు సాదిన కట్టె ఇది! పసుపు నీళ్ళతోని కడిగి ఎండకు ఆనిచ్చిండ్రు గోడకు! ఎవరా తెలివిగల్లోళ్ళు? చెప్పు, పేరు చెప్పు!"

సంధ్య ఆ పసుపును చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది. అప్పటిదాకా ఆమెకు నిజంగానే తెలియదని ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. దసరా నాడు దేవుని దగ్గర బొట్టుతో ఉన్న క్యూను తుడిచి సంచిలో పెట్టుకుందే తప్ప, అంతకుముందు దానికి ఏం జరిగిందో ఆమె చూడలేదు. అయినా అందరికీ వినపడేలా చెప్పింది.

"నేనే కడిగిన. ఉస్తాద్ తప్పు లేదు. పచ్చి కట్టె అన్నది నాదే తప్పు."

అబద్ధం. సుద్ద పొడి కూడా క్యూ మీద నిలవనీయని పిల్ల, కడుగుతుందా? నేను ఇంకా అరవబోయాను. ఆమె కళ్ళతోనే వద్దంది. ఓనరుతో "ఈ మాట గూడ పంపు అందరికి" అన్నాను. "సూద్దాంలే అన్నా," అన్నాడు నవ్వుతూ. పంపలేదు. మొదటి వీడియో చూసినవాళ్ళలో ఇద్దరు నాకిచ్చిన ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ మనిషి మీద నాకు ఈనాటికీ మండుతుంది.

మర్నాడు సంధ్య మా షెడ్డుకు వచ్చింది, వెంట వాళ్ళమ్మ కొమురమ్మ. కడిగింది ఈమే అయ్యుంటుంది, క్షమించమని అడగడానికి వచ్చిందనుకుని ముఖం బిగించుకుని కూర్చున్నాను. ఆమె వచ్చింది నన్ను కడిగేయడానికి.

"నువ్వేనా యాకూబ్? నా బిడ్డను పది మందిల నిలవెట్టి ఒర్రినవట."

"అవ్వా, నువ్వు నీళ్ళతోని..."

"అవ్, కడిగిన. పొద్దుగాల అది లేవకముందే కడిగి ఎండల వెట్టిన. మా ఆయన ఉన్నన్ని రోజులు ఆయన గని టోపీ కడిగి బొట్టు వెట్టిన. కత్తిపీట కడిగిన, కుట్టుమిషన్ కడిగిన. నా బిడ్డ బతుకు ఈ కట్టె మీద ఉన్నదాయె. దీన్ని ఇడిసిపెడ్తనా? నీళ్ళు తగలొద్దని నాకు జెప్పినవా నువ్వు?"

"సంధ్యకు జెప్పిన."

"అది పొద్దుందాక జిరాక్స్ షాపుల ఉంటది. ఇంట్ల ఉండేది నేను." అంటూ ఖరాదు వైపు చెయ్యి చూపింది. "మరి గదేంది?"

మిషన్‌కు ఎండిపోయిన బంతిపూల దండ వేలాడుతోంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ వడ్లాయన, అంటే వడ్రంగి. దసరాకు మిషన్ తుడిచి దండ వేసేవాడు. ఆయన పోయాక కూడా నేను మానలేదు. ఏడాదికోసారి పనిముట్టుకు ఏం చేస్తారో తెలిసినవాణ్ణి, అది నేనూ చేసేవాణ్ణి, జులైలో క్యూ ఇస్తూ అక్టోబరులో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించలేదు. షాఫ్ట్, జాయింట్, టిప్ అంటూ గంటసేపు సంధ్యకు పాఠం చెప్పాను. ముందురోజు నుంచి అందరి మీదా ఎగిరిన కోపమంతా తిరిగొచ్చి నా నెత్తినే పడింది. సిగ్గేసింది.

పన్నెండు రోజుల్లో కొత్త షాఫ్ట్ కాదు. చేస్తే నిజంగానే పచ్చి కట్టె ఇచ్చినవాణ్ణవుతాను. వంకర పోయినదాన్ని కాచి తిన్నగా చేసేవాళ్ళున్నారు, అది వానకో ఎండకో మళ్ళీ తిరుగుతుంది. నా సొంత క్యూ దించాను. చేసిన ప్రతి క్యూనూ దాని పక్కన పెట్టే ఆడి చూస్తాను, నాకు కొలత అదే. నా జాయింట్లన్నీ ఒకే మర కాబట్టి దాని షాఫ్ట్ సంధ్య బట్‌కు సరిగ్గా కూర్చుంది. ముందుగదిలో ఆమె కొట్టడం మొదలుపెట్టింది. మొదటి బంతి పక్కకొచ్చింది. కొస దగ్గర తోలు ముక్కను, అంటే టిప్‌ను, ఇంకాస్త గుండ్రంగా రుద్దాను. సాయంత్రానికి యాభైలో నలభై ఏడు తిన్నగా వచ్చాయి. కొమురమ్మ తలుపు దగ్గర కూర్చుని లెక్కపెట్టింది.

సెలెక్షన్‌లో నలుగురిని తీసుకున్నారు. సంధ్య అయిదో స్థానంలో వచ్చింది. చివరి ఫ్రేమ్, అంటే చివరి ఆట, ఆఖరున మిగిలే నల్ల బంతి దగ్గర పోయింది.

ఫోన్లో, "షాఫ్ట్ మంచిగనే ఉన్నది ఉస్తాద్, చెయ్యి ఇంక అలవాటు కాలె," అంది. నేను ఒక్క మాట సరైన మనిషికి చెప్పి ఉంటే ఆ పిల్లకు ఏడాది పోయేది కాదు. నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. క్యూ కొనడానికి ఎవరొచ్చినా, "మీ ఇంట్ల దసరా ఎవలు జేస్తరు?" అని అడిగి, వాళ్ళకు ఫోన్ కలిపించి నేనే చెబుతాను. పూజ వద్దని మాత్రం చెప్పను. బట్ అడుగున రూపాయంత ఇత్తడి బిళ్ళ బిగిస్తున్నాను. బొట్టు దాని మీదే పెట్టాలి, పొడిగా. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు అదేం డిజైన్ అని అడుగుతారు. కొమురమ్మ డిజైన్ అంటాను.

మరుసటి ఏడాది దసరా పొద్దున ఆమె వీడియో కాల్ చేసింది. కొత్త చీర మీద క్యూ పడుకోబెట్టి ఉంది, బిళ్ళ మీద చిన్న బొట్టు. పక్కనే చెంబు.

"అవ్వా, చెంబు! చెంబు జరుపు ముందుగాల!" అని ఒర్రాను.

"ఖాళీ చెంబే, ఒర్రకు," అంది. "బిడ్డ సెలెక్షన్ వచ్చే నెలనే ఉన్నది. నీ మిషన్‌కు దండ ఏసినవా లేదా, అది జెప్పు."