మడకు కట్టుబాటు

ఉప్పెన వచ్చిన రాత్రి ఎల్లమ్మ తెల్లమడ చెట్టు కొమ్మను కరుచుకుని బతికింది. ఆమె భర్తను నీళ్లు తీసుకుపోయాయి. హంసలదీవి దగ్గరి ఆ పల్లెలో మడ అడవి చాటున ఉన్న ఇళ్లే కాస్తో కూస్తో నిలబడ్డాయి. అది అందరూ కళ్లారా చూసిందే. అయినా ఏడాది తిరక్కముందే గొడ్డళ్లు మళ్లీ లేచాయి. కొత్త ఇళ్లకు వాసాలు కావాలి, పొయ్యిలోకి పుల్ల కావాలి, బందరు అడితికి పడవల నిండా కట్టె కావాలి.

ఊరికే వద్దంటే ఎవరూ వినరని ఎల్లమ్మకు తెలుసు. తన వంటా ఇన్నాళ్లూ మడ కట్టెతోనే సాగింది. అందుకని ఊరివాళ్లను రేవులో కూర్చోబెట్టి, ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో తేల్చుకుందామంది. వాదులాటలయ్యాక కట్టుబాటు కుదిరింది. సముద్రం వైపు మడ మీద కత్తి పడకూడదు. లోపలి కాలవల్లో వంతులవారీగా ఎండుకొమ్మలే కొట్టుకోవాలి. గేదెల్ని మొలకల్లోకి తోలకూడదు. వంటకు గట్ల మీది సర్కారు తుమ్మ వాడుకోవాలి. తప్పినవాళ్లు బురదలో దిగి మడ విత్తులు నాటాలి.

మొదట తప్పింది ఆమె మరిది వెంకటాద్రే. పడవలో పచ్చి మొద్దులతో దొరికాడు. ఎల్లమ్మ ఇల్లూ గడిచేది అతని సంపాదన మీదే.

"ఊరందరి ముందూ నన్ను నిలబెడతావా, వదినా?"

"నిన్నొదిలేస్తే రేపు ఎవర్ని ఆపగలను?" అంది ఎల్లమ్మ.

అతను ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. ఆమె బతిమాలలేదు. బస్సెక్కి బందరు వెళ్లి, అతని దగ్గర కట్టె కొనే అడితి యజమాని మజీద్‌ను కలిసింది. మడ తీసుకోవద్దని అడిగింది.

మజీద్, "తుమ్మ తెప్పించండి, అదే కొంటాను. పొయ్యిలో ఏ కట్టయినా మండేదేగా అండీ," అన్నాడు.

అప్పట్నుంచి వెంకటాద్రి పడవలో తుమ్మ కట్టె బందరు చేరసాగింది. వానాకాలంలో మడ విత్తులు రాలాక అతనే బుట్ట పట్టుకుని వచ్చి, ఎక్కడ నాటమంటావని అడిగాడు. ఎల్లమ్మ చేత్తో చోటు చూపించింది. ఇద్దరూ మోకాలిలోతు బురదలో దిగారు.

కొన్ని మొలకలు పోటుకు కొట్టుకుపోయాయి, కొన్నిటిని పీతలు తినేశాయి. మళ్లీ నాటారు. మరుసటేటికి కాలవ ఒడ్డంతా పచ్చబడింది. మడ వేళ్ల సందుల్లో రొయ్యపిల్లలు గుంపులుగా కనిపించాయి, కొంగలు దిగాయి. పక్క పల్లె పెద్దలు వచ్చి ఎలా చేశారని అడిగితే, ఎల్లమ్మ చేపలు ఎండబెడుతూనే చెప్పింది: "ముందు వంటకి కట్టె ఎక్కణ్నుంచి తెచ్చుకుంటారో తేల్చుకోండి. అడవి సంగతి ఆ తర్వాత."