నాయన చెప్పిన ఎపిసోడ్

ఆ సీరియల్ జంట అంటే నాకెంత పిచ్చంటే, వాళ్ళిద్దరూ అలిగిన రోజు నాకు అన్నం దిగేది కాదు. అట్లాగని ఒక్క ఎపిసోడైనా నా కళ్ళతో చూసిందాన్ని కాదు. అది మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేది. ఆ సమయానికి నేను శ్రీ సిటీలో, ఫోన్లు లోపలికి రానివ్వని ఫ్యాక్టరీలో నిలబడి పని చేస్తూ ఉండేదాన్ని. నగరిలో ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదు దాటేది. నాది బటన్ల ఫోను, అందులో చూసే వీలూ లేదు. ఆదివారం నాకూ సెలవే, సీరియల్‌కూ సెలవే!

చూసేది మా నాయన. ఇంట్లో రెండు మరమగ్గాలు ఉండేవి. ఒంటిగంటకు వాటిని ఆపి, కంచం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవాడు. మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి. అమ్మ ఉన్నన్నాళ్ళూ టీవీలో మాటలన్నీ ఆయన చెవిలో అరిచి చెప్పేది. అమ్మ పోయాక ఆయనే బొమ్మలు చూసి అర్థం చేసుకుని, సాయంత్రం నాకు టీ పెట్టిచ్చి కథంతా చెప్పేవాడు.

హీరో లారీ మెకానిక్కు, హీరోయిన్ రైసుమిల్లు వాళ్ళ పిల్ల. నాయనకు వాళ్ళ పేర్లు నోరు తిరగవు. "మన పాప", "బోల్టులోడు", అంతే.

"ఈ పొద్దు బోల్టులోడు వానలో తడస్తా నిలబడినాడు మే. పాప గొడుగు ఇయ్యలా. ఎంత పొగరో సూడు!"

"రేపైనా ఇస్తాదా నాయనా?"

"నాకేం ఎరుక? నన్నడిగి రాస్తారా వాళ్ళు?"

నాకా ప్రేమకథ మీద అంత మోజెందుకో దాచేదేముంది? మా ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే ఒకతన్ని ఇష్టపడ్డాను. పుత్తూరు పక్క సేద్యం చేసుకునే వాళ్ళ పిల్లవాడు, మా కులం కాదు. ఆ మాట నాయనకు చెప్పాలి. రెండు నెలలు ఇదే పని: మగ్గం దగ్గరికి పోవడం, దారం తెగిందేమో చూసినట్టు వంగడం, నోరు మూసుకుని తిరిగి రావడం. అమ్మ లేని ఇంట్లో నాకున్నది ఆయనొక్కడే. ఆయన నాతో మాట్లాడటం మానేస్తే నేనేం కావాలి? ముందు ఆ రైసుమిల్లు పిల్లను వాళ్ళ నాయనకు చెప్పనీ, తర్వాత నా సంగతి చూసుకుందామని పిరికిదానిలా కాచుకుని కూర్చున్నాను.

ఒకరోజు ఆ పిల్ల చెప్పేసిందట.

"వాళ్ళ నాయన ఏమన్నాడు?" టీ గ్లాసు కింద పెట్టి, ఆయన చెవి దగ్గరికి జరిగి అడిగాను.

"చెయ్యెత్తినాడు" అంటూ మా నాయన కూడా చెయ్యెత్తాడు. కాసేపు అట్లే ఉంచి, మెల్లగా దించి నా నెత్తిన పెట్టాడు. "ఇట్ల పెట్టినాడు. 'ముందే జెప్పింటే ఇన్ని దినాలు కుమిలే పని లేదు గదా పాపా. పిల్లోణ్ణి ఇంటికి పిల్చకరా, సూస్తాం' అన్నాడు."

ఆ చెయ్యి నెత్తిమీద ఉండగానే నాదీ ఆయన చెవిలో చెప్పేశాను. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ మొత్తం కక్కేశాను. నాయన అంతా విని, "ఆదివారం రమ్మను. కోడి కోస్తాం" అన్నాడు.

ఇప్పుడు మేం పుత్తూరులో ఉంటున్నాం. పెళ్ళయిన ఏడాదికి, జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రోజు, మా ఆయన ఫోన్‌లో ఆ ఎపిసోడ్ వెతికి చూశాను. సీరియల్లో ఆ పిల్ల నాయన చెయ్యెత్తిన మాట నిజమే. ఎత్తి, చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బను మూడు పక్కల నుంచి మూడుసార్లు చూపించారు కూడా! మాటలంటే వినబడలేదు, సరే. దెబ్బ కనబడకుండా ఉంటుందా?

ఫోన్ పక్కన పెట్టి లేచాను. తిరుమల కొండ ఉండే దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఇటువంటి మనిషికి నన్ను కూతురుగా పుట్టించినందుకు ఇంకేం చేయగలను? సీరియల్ వాళ్ళ కథ వాళ్ళనే ఉంచుకోమనండి, నాకు మా నాయన చెప్పిందే అసలు కథ.

ఆ ఆదివారం నగరికి పోయి, చెవి దగ్గర గట్టిగా అడిగాను. "ఆ చెంపదెబ్బ నీకు కనబడలేదా నాయనా?"

"కనపడకేం? మూడుసార్లు సూపించిరి గదా."

"మరి నాకట్ల జెప్తివే?"

నాయన మగ్గం మీద దుమ్ము తుడుస్తూనే అన్నాడు. "రెణ్ణెల్లుగా నువ్వు ఈ మగ్గం సుట్టూ తిరగతా ఉంటివి. ఆ దెబ్బ సంగతి జెప్పింటే, నువ్వు నోరు తెరిచేదానివా?"