అయిదు రూపాయల బిళ్ళ మీద పెద్దమనిషి

నాయకుల బొమ్మలున్న బిళ్ళలు మా మామగారి చేతికి వస్తే మళ్ళీ బజారు మొహం చూడవు. తెనాలిలో మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక స్టీలు డబ్బా ఉంటుంది. కిరాణా కొట్లో చిల్లరగా ఇచ్చినవీ, బస్సు కండక్టరు చేతిలో పెట్టినవీ, అలాంటివన్నీ అందులోకి వెళ్ళిపోతాయి.

ఆయన నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏ పార్టీ జెండా మోయలేదు గానీ ఒక నాయకుడంటే మాత్రం ప్రాణం. కాలేజీలో చదివే రోజుల్లో ఆ నాయకుడు తెనాలి వచ్చి జీపు దిగుతూ, పక్కనే నిలబడ్డ మా మామగారి భుజం మీద పట్టు కోసం చెయ్యి వేశారట. అది ఏ భుజమో కూడా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎడమది.

"దేశం కోసం జైలుకెళ్ళిన మనిషిని తెచ్చి బిళ్ళ మీద కూర్చోబెడితే ఏంటమ్మా అర్థం?" అనేవారు నాతో. "చేపల గంపలో పడుతుంది, సారా కొట్టు బల్ల మీద పడుతుంది, మురిక్కాలవలో కూడా పడుతుంది. నోటుదేముంది, మడిచి జేబులో పెట్టుకుంటాం. బిళ్ళని విసురుతాం."

మా అత్తగారిది వేరే దారి. "మరి డబ్బాలో వేసి మూతపెడితే ఆయనకి ఊపిరాడుతుందా?" అనేవారు వంకాయలు తరుగుతూ. పూలమ్మాయికి చిల్లర కావాల్సి వస్తే ఆ డబ్బాలోంచే తీసి ఇచ్చేవారు. మామగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

నాకు ఈ గొడవలో ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. నేను హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. నా వరకూ బిళ్ళంటే టాస్ వేసే వస్తువు. పైకెగరాలి, కింద పడాలి, ఆట మొదలవ్వాలి.

ఆ ఏడు బాపట్లలో మహిళా టీచర్లకి త్రోబాల్ పోటీలు పెట్టారు. నన్ను రిఫరీగా పిలిచారు. మా అత్తగారు వేమూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళి ఉన్నారు. ఇంట్లో ఒక్కరే ఏం తోస్తుంది, రండి మామయ్యగారూ అంటే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నాతో రైలెక్కారు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కావాలి. "నాకు బంతి కనపడకపోయినా పర్వాలేదు, గాలి తగిలితే చాలు," అన్నారు.

గాలి మాత్రం బాగానే తగిలింది. బాపట్లలో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. మేం ఆడే మైదానానికి అడ్డంగా ఏమీ లేదు, షామియానా గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. గాలి వీపున ఉన్న జట్టు విసిరితే బంతి తేలుతూ వెళుతుంది. గాలికి ఎదురు విసిరితే నెట్ దాటకుండానే కూలబడుతుంది. కాబట్టి ఫైనల్లో టాస్ గెలిచి మంచి వైపు కోర్టు తీసుకోవడమే సగం ఆట.

ఫైనల్‌కి వచ్చింది రేపల్లె వైపు టీచర్లూ, కాకుమాను వైపు టీచర్లూ. రేపల్లె కెప్టెన్ తెలుగు టీచరు. పొడుగు మనిషి, మాట నిదానం. కాకుమాను కెప్టెన్ లెక్కల టీచరు, పొట్టిగా చురుగ్గా ఉంటుంది. ఇద్దర్నీ నెట్ దగ్గరకి పిలిచి జేబులో చెయ్యి పెడితే నా దగ్గర బిళ్ళ లేదు.

"ఎవరి దగ్గరైనా ఒక బిళ్ళ ఉందా అండీ?" అని గట్టిగా అడిగాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, బిళ్ళ మాత్రం ఒక్కరి దగ్గరా లేదు. టీ బండి ఆయన కూడా డబ్బా వంచి చూపించాడు, ఖాళీ. చివరికి లెక్కల టీచరు తన బ్యాగు అడుగున పిన్నీసుల మధ్య వెతికి ఒక అయిదు రూపాయల బిళ్ళ తీసిచ్చింది. నేను దాన్ని చూడను కూడా చూడకుండా ఎగరేశాను.

"బొమ్మ," అంది తెలుగు టీచరు.

గాలికో, నా విసురుకో, అది గీత మీద పడి దొర్లడం మొదలుపెట్టింది. రేపల్లె జట్టులో ఒకావిడ గబుక్కున బూటు కాలు వేసి ఆపింది. కాలు తీశాక చూస్తే పైన సింహాలు.

"బొమ్మే పడింది. మేం అటు కోర్టు తీసుకుంటామండి," అంది తెలుగు టీచరు.

"బొమ్మెక్కడండీ?" అని లెక్కల టీచరు వంగి బిళ్ళ తీసి తిప్పింది. రెండో వైపు ఎవరో నాయకుడి తల. "బొమ్మ ఇదిగో, ఇటుంది. నిక్షేపం లాంటి మనిషి. పైన పడింది బొరుసు."

"సింహాలు బొమ్మ కాదా అండీ? ఎప్పుడూ వాటినే కదా బొమ్మంటాం."

"అవునండి, మామూలు బిళ్ళకి. ఇక్కడ సింహాల కిందే అయిదు అంకె కూడా ఉంది. అంకె ఉన్నది బొరుసు."

"మీవైపు ఒక తల ఉంది, మావైపు మూడు తలలున్నాయి. ఏది పెద్ద బొమ్మో మీరే లెక్కెయ్యండి, లెక్కల టీచరు కదా."

"నాలుగండి. ఒకటి వెనకాల ఉంది, కనపడదు."

రెండు జట్లూ చుట్టూ మూగాయి. నేను విజిల్ పట్టుకుని నిలబడ్డాను. నేను చదివిన రూల్సులో ఎక్కడా బొమ్మంటే ఏమిటో రాసిలేదు. ఇన్నేళ్ళలో ఎన్నో టాసులు వేశాను గానీ ఇలాంటి చిక్కు రాలేదు.

అప్పుడు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలోంచి మా మామగారు లేచి రావడం చూశాను. వేగంగా వస్తున్నారు. బూటు కాలు సంగతి ఆపరేషన్ అయిన కంటికి కనపడిందన్నమాట.

"ఆ బిళ్ళ ఇలా ఇవ్వమ్మా," అని చెయ్యి చాపారు.

లెక్కల టీచరు ఇచ్చింది. ఆయన తువ్వాలు కొసతో దాని మట్టి తుడిచి కళ్ళకద్దుకున్నారు. కాలు వేసినావిడ మొహం ఎర్రబడింది.

"చూసుకోలేదండి బాబాయిగారూ. దొర్లిపోతుందని ఆపానంతే."

"నీ తప్పేం లేదమ్మా. బిళ్ళన్నాక దొర్లుతుంది. దొర్లేదాని మీద మనిషిని అచ్చేసినవాళ్ళది తప్పు."

తెలుగు టీచరు ఊరుకునే మనిషి కాదని అప్పుడే తెలిసింది. "అలాగైతే పిల్లలకి పెద్దవాళ్ళెలా తెలుస్తారండీ? పాఠం పరీక్ష అయ్యాక మర్చిపోతారు. విగ్రహం దగ్గరికి ఏడాదికోసారి వెళతారు. బిళ్ళైతే రోజూ చేతిలోకొస్తుంది."

"చేతిలోకొస్తుంది సరే. ఆ బొమ్మ ఎవరిదో చూస్తున్నారా?"

"చూస్తారండీ, ఎందుకు చూడరు?"

"ఇంతకీ ఈయనెవరండీ?" అని కాకుమాను జట్టులోంచి ఎవరో అడిగారు.

బిళ్ళ చేతులు మారింది. ముక్కు అరిగిపోయింది, చెవి ఉందో లేదో తెలియడం లేదు. ఒకరు ఒక పేరన్నారు, ఇంకొకరు మరో పేరన్నారు. సోషల్ టీచరు ఒకావిడ ఉంది, ఆవిడ నీళ్ళ సీసా తెచ్చుకుంటానని పక్కకి వెళ్ళింది.

"నేను చెబుతాను," అన్నారు మామగారు. బిళ్ళని దూరంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూశారు. "ఆయనే. ఈ భుజం మీద చెయ్యి వేసిన మనిషి." ఆ తర్వాత తెనాలి సభ కథంతా చెప్పారు, జీపు, జనం, ఆ రోజు వేసుకున్న చొక్కా, అన్నీ. నేను చాలాసార్లు విన్నదే. కానీ ఆ మైదానంలో, ఆ గాలిలో, బాగా చెప్పారు. లెక్కల టీచరు కళ్ళు తుడుచుకోవడం చూశాను. దుమ్మే కావచ్చు.

ఈలోగా ఒకావిడ బిళ్ళని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తోంది. "బాబాయిగారూ," అంది మొహమాటంగా, "కింద చిన్న అక్షరాల్లో పేరుందండి. మీరు చెప్పిన పేరు కాదు."

చదివింది. ఆ పేరు నేనిక్కడ రాయను, రాస్తే మా ఇంట్లో చర్చ మీ ఇంటికి కూడా వస్తుంది. మా మామగారు జీవితమంతా ఎవరికి వ్యతిరేకంగా ఓటు వేశారో, టీవీలో ఎవరి గొంతు వినిపిస్తే చానల్ మారుస్తారో, ఆ నాయకుడి పేరు.

నవ్వు రాకుండా నేను విజిల్ పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఒక్క క్షణం ఆయన మీద జాలి కూడా వేసింది, ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. మామగారు బిళ్ళని అటూ ఇటూ తిప్పారు. ఫోన్ అడిగి తీసుకుని ఆ పెద్ద బొమ్మని చాలాసేపు చూశారు. చివరికి బిళ్ళని లెక్కల టీచరు చేతిలో పెట్టి, "కళ్ళకద్దుకున్నది వెనక్కి తీసుకోలేం కదమ్మా," అన్నారు.

ముందు నవ్వింది ఆయనే. తర్వాత మేమందరం.

"మరి టాస్ సంగతేంటండీ?" అంది తెలుగు టీచరు, అసలు విషయం మరిచిపోకుండా.

"తడీ పొడీ వెయ్యండి," అన్నారు మామగారు. "చిన్నప్పుడు మేం అదే వేసేవాళ్ళం. ఎవరికీ కోపం రాదు."

గోడ పక్కన పగిలిన పెంకు ముక్క దొరికింది. ఒక వైపు నీళ్ళతో తడిపి ఎగరేశాను. "పొడి," అంది లెక్కల టీచరు. తడే పడింది. రేపల్లె వాళ్ళు మంచి వైపు కోర్టు తీసుకున్నారు. తీరా ఆట మొదలయ్యేసరికి ఈ గొడవంతటిలో పొద్దు వాలి గాలి చాలా తగ్గింది. కాకుమాను వాళ్ళు హాయిగా గెలిచారు.

తిరుగు ప్రయాణంలో నిడుబ్రోలు దాకా మామగారు కిటికీలోంచి బయటికే చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆ మనిషి మొహం నేనెప్పుడూ సరిగ్గా చూళ్ళేదమ్మా. పేపర్లో వస్తే పేజీ తిప్పేవాణ్ణి. ఇవాళ ఫోన్‌లో చూస్తే, ఆయనా అలిసిపోయినట్టే ఉన్నాడు."

"అయితే బిళ్ళ మీద వెయ్యొచ్చంటారా?"

"అలా అన్లేదు. బిళ్ళ లేకపోతే చూసేవాణ్ణి కాదంటున్నా."

"నాకు మాత్రం వద్దనిపిస్తోంది మామయ్యగారూ. అరిగిపోతే ఎవరెవరో తెలియడం లేదు. దానికంటే వరి కంకి వేస్తే నయం, ఎంత అరిగినా దాన్ని మనిషి అనుకోరు. నా టాసులకీ ఇబ్బంది ఉండదు."

"నువ్వు ఆటల మనిషివి, నీకు అలాగే ఉంటుంది," అన్నారు. కోపంగా కాదు.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఆ రెండో నాయకుడి జీవితం గురించి పుస్తకం తెచ్చుకున్నారు. ఆ పుస్తకంతో ఆయన పడ్డ తగువు ఇంకెవరితోనూ పడి ఉండరు. చదువుతూ చదువుతూ "అబద్ధం" అని గొణిగేవారు. ఇంకో పేజీలో "ఇది నాకు తెలియదే" అనేవారు. మా అత్తగారు వేమూరు నుంచి వచ్చి ఇదంతా చూసి, ఏం జరిగిందని నన్ను అడిగారు. నేను చెప్పాక వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నవ్వుకున్నారు. బయటికి వచ్చి మాత్రం ఏమీ ఎరగనట్టు ఆయనకి కాఫీ ఇచ్చారు.

కొన్నాళ్ళకి రేపల్లె తెలుగు టీచరు ఫోన్ చేసింది. వాళ్ళ స్కూల్లో వక్తృత్వ పోటీ పెడుతున్నామనీ, అంశం చిల్లర నాణేల మీద జాతీయ నాయకుల బొమ్మలు ఉండాలా వద్దా అనీ, బాబాయిగారు న్యాయనిర్ణేతగా రావాలనీ అడిగింది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధమైపోయారు. సెలవు రోజు కావడంతో నేనూ వెళ్ళాను.

పిల్లలు బాగా మాట్లాడారు. ఉండాలన్నవాళ్ళు మన పెద్దవాళ్ళు మన చేతుల్లోనే తిరగాలన్నారు. వద్దన్నవాళ్ళలో ఒకమ్మాయి లేచి, "ఒకరి బొమ్మ వేస్తే వెయ్యనివాళ్ళకి ఏం చెబుతాం సార్? మా ఊరి కాలవ తవ్విన కూలీలు బిళ్ళ మీద పట్టరు కదా," అంది. కాలవ మాట వినగానే మామగారు నిటారుగా కూర్చున్నారు. బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చారు. కాగితం చూడకుండా మాట్లాడిందని కారణం చెప్పారు గానీ, అసలు కారణం కాలవేనని నా అనుమానం.

తెలుగు టీచరు మమ్మల్ని స్టేషన్ దాకా దిగబెట్టింది. "నేను చెప్పిన వైపుకి బహుమతి రాలేదేంటండీ బాబాయిగారూ?" అంది.

"మీ వైపు ఇంకా ఆలోచిస్తున్నానమ్మా," అన్నారాయన.

రేపల్లె రైలు మెల్లగా కదిలింది. ఆ అమ్మాయి చెప్పిన కాలవ ఏ రెవెన్యూ గ్రామం మీదుగా పోతుందో, దాని తూములు ఎక్కడెక్కడున్నాయో మామగారు నాకు చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి అడిగాను, బిళ్ళ మీద బొమ్మల సంగతి ఇప్పుడు ఏమంటారని. "సగం మారాను," అన్నారు. ఏ సగమని అడిగితే, అది ఇంకా తేలలేదని చెప్పి, ప్లాట్‌ఫాం మీద కొన్న జామకాయల పొట్లం విప్పి మెత్తగా ఉన్నది నాకిచ్చారు.